డిశ్చార్జి చేసిన రోగిని ఎవరికి అప్పగిస్తున్నారు? – ఆసుపత్రి వైద్యులకు ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లోని వైద్యులకు, సూపరింటెండెంట్లకు, యాజమాన్యాలకు,

నమస్కారం.

మేం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో), మందుల షాపుల్లో, ఇళ్లకు వెళ్లి చేసే నర్సింగ్‌లో ఉన్నవాళ్లం. మీరు ఇంటికి పంపిన రోగులు మర్నాటి నుంచి మా ముందుకొస్తారు. మీ వార్డుల్లో ఎంత ఒత్తిడి ఉంటుందో మాకు తెలుసు. రౌండ్లు, ఎమర్జెన్సీ, ఆపరేషన్ థియేటర్ పనుల మధ్యలో హౌస్ సర్జన్లో పీజీ వైద్యులో గబగబా డిశ్చార్జి సమ్మరీలు రాయాల్సి వస్తోందనీ తెలుసు. అయినా ఈ లేఖ రాయక తప్పడం లేదు. ఈ సంగతులన్నీ సమీక్షా సమావేశాల్లో చెప్పాం, రాతపూర్వకంగా ఇచ్చాం. "చూద్దాం" అన్నారు. మార్పేమీ రాలేదు.

ఐసీయూ నుంచి వార్డుకు మార్చేటప్పుడు రోగిని ఒకరు ఇంకొకరికి అప్పగిస్తారు. కేసు షీటు వెంట వెళ్తుంది, నర్సు నర్సుకు నోటితో చెబుతుంది. ఇంటికి పంపేటప్పుడు మాత్రం ఆ అప్పగింత లేదు. ఇంగ్లీషులో నాలుగు పేజీల సమ్మరీ, ఒక మందుల సంచి, "పదిహేను రోజులకు ఓపీకి రండి" అనే మాట, అంతే. ఆ పదిహేను రోజుల్లో ఏం జరుగుతోందో, దాన్ని ఆపడానికి మీరు ఏం చేయగలరో కింద రాస్తున్నాం.

1. మందులు. మా దగ్గరికి వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇవే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

సమ్మరీలో కొత్త మందుల జాబితా ఉంటుంది. ఆసుపత్రిలో చేరకముందు వాడుతున్న మందులను కొనసాగించాలా, మానాలా అన్నది మాత్రం ఉండదు. ఇంట్లో బీపీకి టెల్మిసార్టాన్ ఒక కంపెనీ పేరుతో ఉంటుంది, మీరు అదే మందును ఇంకో కంపెనీ పేరుతో రాస్తారు. రోగి రెండూ వేసుకుంటారు. రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు కళ్లు తిరిగి పడిపోతారు, తుంటి విరుగుతుంది. షుగర్‌కు వాడే గ్లిమిపిరైడ్‌తో ప్రమాదం ఇంకా ఎక్కువ. పెద్ద వయసు, అంతంతమాత్రం కిడ్నీలు, జబ్బుపడి లేచాక సగానికి తగ్గిన తిండి, వీటన్నిటి మీద అదే మందు రెట్టింపు పడితే తెల్లవారుజామున షుగర్ పడిపోతుంది. ఇంట్లోవాళ్లు పాపం నిద్రపోతున్నారనుకుంటారు.

అందుకే మందుల జాబితాను మూడు భాగాలుగా రాయండి: పాతవాటిలో కొనసాగించాల్సినవి, కొత్తగా మొదలుపెట్టినవి లేదా మోతాదు మార్చినవి, ఆపేసినవి. ఆపేసిన మందు పక్కన ఎందుకు ఆపారో ఒక్క ముక్క చాలు. "పొటాషియం పెరిగింది, ఆపాం" అని ఉంటే పీహెచ్‌సీ డాక్టరు దాన్ని మళ్లీ మొదలుపెట్టరు. మందుకు జనరిక్ పేరు, అర్థమయ్యే రాతలో, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్యుల వృత్తి నియమావళికి 2016లో చేసిన సవరణే చెబుతోంది. కొత్తగా మేం అడుగుతున్నదేమీ కాదు.

ఓడీ (రోజుకు ఒకసారి), బీడీ (రెండుసార్లు), టీడీఎస్ (మూడుసార్లు), హెచ్‌ఎస్ (పడుకునే ముందు) అనే పొడి అక్షరాలు మందుల షాపులో మాకు అర్థమవుతాయి, రోగికి కావు. అన్నిటికన్నా భయపడాల్సింది మెథోట్రెక్సేట్ విషయంలో. కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ ఇచ్చే ఈ మాత్రలు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మాత్రలంటే రోజూ వేసుకునేవే అన్న అలవాటు కొద్దీ రోజూ మింగితే కొద్ది రోజుల్లోనే నోరంతా పుండ్లు, రక్తంలో తెల్లకణాలు పడిపోవడం, ఇన్ఫెక్షన్, ప్రాణం మీదికి రావడం. "వారానికి ఒకసారి" అని రాసినా సరిపోదు. "ప్రతి ఆదివారం మాత్రమే, మిగతా ఆరు రోజులు వద్దు" అని రోజు పేరు పెట్టి తెలుగులో రాయాలి. ఒకేసారి నెలకు సరిపడా కన్నా ఎక్కువ ఇవ్వకండి.

ఇన్సులిన్ సంగతి. మన దగ్గర ఒక ఎంఎల్‌కు 40 యూనిట్లుండే సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లుండే సీసాలూ పెన్ను కార్ట్రిడ్జిలూ ఉన్నాయి. 40 సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 సీసాకు నారింజ మూత సిరంజి వాడాలి. 40 సీసాలోని మందును నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. షుగర్ దిగదు, మోతాదు సరిపోలేదనుకుని పెంచుతారు. దీనికి తిరగేసి, 100 మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే పోయేది 50 యూనిట్లు. మనిషి మిగలడం కష్టం. వార్డులో ఒక రకం వాడి, చీటీలో ఇంకో రకం రాసి, సిరంజి ఏదో రాయకుండా పంపడం మేం తరచుగా చూస్తున్నాం. సీసా రకం, సిరంజి మూత రంగు, ఎన్ని యూనిట్లు, అన్నానికి ఎంత ముందు – ఈ నాలుగూ రాయండి. ఇంట్లో ఎవరు ఇంజెక్షన్ వేస్తారో వాళ్ల చేతే వెళ్లే ముందు వార్డులో రెండుసార్లు వేయించండి. ఫ్రిజ్ లేని ఇల్లయితే సీసాను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్లున్న మట్టికుండలో ఉంచమని చెప్పండి. ఫ్రిజ్ ఉన్నవాళ్లకు డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దని చెప్పండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

గుండె వాల్వ్ మార్చినవారికి రక్తం గడ్డకట్టకుండా ఆసిట్రోమ్ లేదా వార్ఫరిన్ రాస్తారు. సమ్మరీలో "పీటీ ఐఎన్‌ఆర్ చూసుకుంటూ ఉండాలి" అని ఉంటుంది. రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష ఇది. ఎప్పుడు? ఎక్కడ? ఎంత ఉండాలి? చూసిన అంకె ఎవరికి చెప్పాలి? మొదటి వారాల్లో ఈ మోతాదు కుదురుకోదు. ఐఎన్‌ఆర్ తక్కువైతే వాల్వ్ మీద రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తుంది, ఎక్కువైతే మెదడులో రక్తస్రావం. ఈలోగా మోకాళ్ల నొప్పులని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే రక్తస్రావం ముప్పును పెంచే డైక్లోఫెనాక్ నొప్పి ఇంజెక్షన్ పొడుస్తారు, ఆయనకు ఈ మందు సంగతి ఎవరూ చెప్పలేదు మరి. ఉండాల్సిన ఐఎన్‌ఆర్ హద్దు, తర్వాతి పరీక్ష తేదీ, ఫోన్ చేయాల్సిన నంబరు, "నొప్పి ఇంజెక్షన్లు వద్దు, కండకు ఇంజెక్షన్ వద్దు" అన్న వాక్యం, ఇవన్నీ ఒక చిన్న కార్డు మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో ఉండాలి. ఆర్‌ఎంపీ కూడా చదివేలా ఉండాలి, ఎందుకంటే రోగి ముందు వెళ్లేది ఆయన దగ్గరికే. ఇంకో మాట: ఆకుకూరలు పూర్తిగా మానేయమని చెప్పి పంపడం సరికాదు. గోంగూర, తోటకూర, పాలకూర వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినమనాలి. ఒక వారం అసలు మానేసి, మరో వారం రోజూ తింటేనే ఐఎన్‌ఆర్ ఊగిసలాడుతుంది.

గుండెకు స్టెంట్ వేసినవారికి అందులో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ ఇస్తారు. గుండెపోటుకు వేసిన స్టెంట్ అయితే మామూలుగా ఏడాదిపాటు రెండూ కలిపి వాడాలి. సంచిలో ఇచ్చినవి అయిపోగానే కోర్సు అయిపోయిందనుకునేవాళ్లున్నారు. పన్ను పీకించుకోవడానికి వెళ్తే ఆపమన్నారని ఆపేసి, ఆ స్టెంట్ మూసుకుపోయి మళ్లీ గుండెపోటుతో వచ్చేవాళ్లున్నారు. రెండో మందు ఏ నెల, ఏ సంవత్సరం దాకా వాడాలో తేదీ రాయండి. "మమ్మల్ని అడగకుండా ఎవరు చెప్పినా ఆపొద్దు" అని దాని కిందే రాయండి. ఆరోగ్యశ్రీలో ఎంపిక చేసిన చికిత్సలకు ఏడాదిపాటు ఉచిత ఫాలోఅప్ ఉందన్న సంగతి చాలామంది రోగులకు తెలియకుండానే ఆ ఏడాది గడిచిపోతోంది. తమ చికిత్సకు అది వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ఈ పథకం రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర డిశ్చార్జి రోజునే చెప్పి, మొదటి తేదీ ఇచ్చి పంపాలి.

మూడు వారాలకు మించి స్టెరాయిడ్ వాడినవారికి మోతాదు ఎలా తగ్గించుకుంటూ రావాలో తేదీలవారీగా రాయండి. "టేపర్" అన్న ఒక్క మాట రోగికి ఏమీ చెప్పదు.

2. ఒంట్లో వదిలిపెట్టిన పైపులు, స్టెంట్లు. కిడ్నీలో రాళ్లకు ఆపరేషన్ చేశాక మూత్రనాళంలో డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం పెడతారు. మామూలుగా కొద్ది వారాల్లో తీసేయాలి. రాయి పోయింది, నొప్పి పోయింది, ఇక బాగానే ఉన్నామని రోగి అనుకుంటారు. లోపల ఒక గొట్టం ఉందన్న సంగతే కొందరికి తెలియదు. నెలలు దాటితే దాని మీద రాళ్లు పేరుకుంటాయి, లాగితే విరుగుతుంది, కిడ్నీ చెడిపోతుంది. అప్పుడు తీయడానికి ఒకటికి రెండు మూడు ఆపరేషన్లు కావాలి. ఇది పూర్తిగా నివారించగలిగిన నష్టం. స్టెంట్ వేసిన ప్రతివారి పేరు, రెండు ఫోన్ నంబర్లు, తీయాల్సిన తేదీ ఒక రిజిస్టర్‌లో రాసి, ప్రతి సోమవారం ఒక నర్సు ఆ రిజిస్టర్ తీసి తేదీ దాటినవారికి ఫోన్ చేస్తే చాలు. ఇందుకు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక లాంగ్ నోట్‌బుక్ సరిపోతుంది.

యూరిన్ పైపుతో పంపేటప్పుడు అది లేటెక్స్‌దా, సిలికాన్‌దా రాయండి. మొదటిది రెండు నుంచి నాలుగు వారాల్లో మార్చాలి, రెండోది పన్నెండు వారాల దాకా ఉంచవచ్చు. ఏదో తెలియక సిలికాన్ పైపును ఊరికే మార్చడం, లేటెక్స్ పైపును నెలల తరబడి ఉంచేయడం రెండూ జరుగుతున్నాయి. మూత్రం సంచి ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలని, నేలను తాకకూడదని చూపించి చెప్పండి.

పక్షవాతం వచ్చినవారిని ముక్కు పైపుతో ఇంటికి పంపినప్పుడు తరచుగా వచ్చే ఆపద నిమోనియా. పడుకోబెట్టే పైపులో ఆహారం పోయడం, ఒక్కసారే అర లీటరు పోయడం దీనికి కారణాలు. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. పోసేది వడకట్టాలి, తర్వాత కాసిని నీళ్లు పోసి పైపు కడగాలి. ఒక విడతకు ఎంతో ఎంఎల్ లెక్కలో కాక "ఈ గ్లాసుతో ఒక గ్లాసు" అని గ్లాసు చూపించి చెప్పండి. పైపు జారి బయటికొస్తే లోపలికి తోయకూడదన్నది అన్నిటికన్నా ముందు చెప్పాలి. ఇంటివాళ్ల చేత వార్డులోనే, నర్సు చూస్తుండగా, రెండుసార్లు పోయించకుండా పంపొద్దు.

3. డిశ్చార్జి తర్వాత వచ్చే రిపోర్టులు. రక్తంలో క్రిములున్నాయేమో చూసే బ్లడ్ కల్చర్ పూర్తి రిపోర్టుకు ఐదు రోజులు పట్టవచ్చు, కండ ముక్కను పరీక్షించే బయాప్సీకి వారం, టీబీ కల్చర్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటికి రోగి ఇంట్లో ఉంటారు, పరీక్ష పంపిన హౌస్ సర్జన్ వేరే పోస్టింగ్‌లో ఉంటారు, రిపోర్టు ల్యాబ్ కౌంటర్‌లో ఉంటుంది. తీసేసిన గర్భసంచిలోనో పిత్తాశయంలోనో క్యాన్సర్ బయటపడిందన్న కాగితం అలా నెలల తరబడి పడి ఉంటే ఆ నెలలు ఎవరు తిరిగి ఇస్తారు? రావాల్సిన ప్రతి రిపోర్టు పేరు, వచ్చే తేదీ, దాన్ని చూడాల్సిన డాక్టరు పేరు సమ్మరీ మొదటి పేజీలోనే ఉండాలి. చెడ్డ రిపోర్టు వస్తే ఆ యూనిట్‌కు ఫోన్ చేసే బాధ్యత ల్యాబ్‌ది. రోగికి చెప్పే బాధ్యత యూనిట్ చీఫ్‌ది. "రోగి వచ్చి తీసుకోలేదు" అన్నది జవాబు కాదు.

4. బాలింతలు, పసిపిల్లలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అంటే ఇంటికి వెళ్తున్న బాలింతల్లో అంతమంది కడుపు మీద కుట్లతో వెళ్తున్నారు. జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజుల దాకా ఉచిత భోజనం, ఇంటికి దిగబెట్టే వాహనం ఇస్తుంది. పడకల్లేవని ముందే పంపితే ఆ తల్లి తన హక్కును పోగొట్టుకున్నట్టే.

గర్భంతో ఉన్నప్పుడు బీపీ ఉన్నవారికి కాన్పు తర్వాత మూడు నుంచి ఆరో రోజు మధ్య అది ఎక్కువగా పెరుగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్లు ఇంటికి వెళ్తున్నారు. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, వీటిని "బాలింత వాతం" అని ఇంట్లో సరిపెడతారు. తర్వాత ఫిట్స్ వస్తాయి. బిడ్డ పచ్చకామెర్లు కూడా మూడు నుంచి ఐదో రోజు మధ్యే ముదురుతాయి. రెండు రోజులకే పంపిన బిడ్డను ఆ రోజుల్లో ఎవరో ఒకరు పగటి వెలుతురులో చూసి తీరాలి.

చూడటానికి ఆశా కార్యకర్త ఉన్నారు. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లి చూడాలన్న నియమం ఉంది. అది ఎక్కడ తెగిపోతోందంటే, అమ్మాయి పురిటికి పుట్టింటికి వస్తుంది, పేరు మాత్రం అత్తవారి ఊళ్లో నమోదై ఉంటుంది. అక్కడి ఆశా ఇంటికి వెళ్తే తాళం, ఇక్కడి ఆశాకు కబురే లేదు. డిశ్చార్జి కాగితంలో ఆధార్ చిరునామా కాదు, వచ్చే ఆరు వారాలు తల్లీబిడ్డలు ఎక్కడుంటారో ఆ ఊరి పేరు అడిగి రాయండి. ఆ ఊరి ఏఎన్‌ఎంకు ఆ రోజే ఫోన్ వెళ్లాలి.

5. ఎప్పుడు వెనక్కి రావాలో. "ఇబ్బంది ఉంటే రండి" అంటే ఎంత ఇబ్బంది? గుండె బలహీనపడినవారికి అంకె చెప్పండి: రోజూ పొద్దున్నే మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి. ఉప్పు తగ్గించమంటే కూరలో తగ్గించి ఆవకాయ, అప్పడాలు యథాప్రకారం తింటారు, కాబట్టి వాటి పేర్లు పెట్టి చెప్పండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, ముఖ్యంగా ఆ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వెళ్లేవారికి, వాడకూడని నొప్పి మాత్రల పేర్లు రాసివ్వండి.

ఇవన్నీ ఒక్క పేజీలో, తెలుగులో కావాలి. ఆదిలాబాద్, అల్లూరి సీతారామరాజు జిల్లాల గిరిజన గూడేలవారికి తెలుగు కాగితం కూడా సరిపోదు. గోండీ, కువి మాట్లాడే మనిషి చేత చెప్పించి, పొద్దుకు సూర్యుడి బొమ్మ, రాత్రికి చంద్రుడి బొమ్మ వేసి ఇవ్వాలి. "అర్థమైందా?" అని అడగొద్దు, డాక్టరుగారి ముందు అందరూ తలూపుతారు. "ఈ మాత్ర రేపు ఎలా వేసుకుంటారో మీరే చెప్పండి" అనండి. ఎక్కడ పొరపాటు పడతారో అక్కడే తెలుస్తుంది, ఐదు నిమిషాలు పట్టదు.

6. పంపే వేళ. పొద్దున రౌండ్లలో డిశ్చార్జి అన్న రోగి బీమా అనుమతి కోసం రాత్రి దాకా కూర్చుంటారు. ఆసుపత్రి అడిగిన మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని, అంతకు మించితే పడే అదనపు ఖర్చు బీమా కంపెనీయే భరించాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29 నాటి సర్క్యులర్‌లో చెప్పింది. దాన్ని అడిగి అమలు చేయించండి. రాత్రి తొమ్మిదికి పంపితే చివరి పల్లెవెలుగు వెళ్లిపోయి ఉంటుంది, ఊళ్లో మందుల షాపు మూసి ఉంటుంది, ఆ రాత్రి వేయాల్సిన మోతాదు పోతుంది. మందులు చేతికి అందకుండా, మొదటి మోతాదు ఎప్పుడో చెప్పకుండా ఎవరినీ గేటు దాటించొద్దు. బిల్లు గొడవ ఉందని రోగిని ఆపి ఉంచడం జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రానికి విరుద్ధం. కేసు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నుంచీ ఉన్న నియమం.

7. డబ్బుల్లేక, లేదా ఇక లాభం లేదని సంతకం పెట్టి వెళ్లిపోయేవారు. వీళ్ల సంతకం మీ చట్టపరమైన భయాన్ని తీరుస్తుందేమో, వాళ్ల అవసరాన్ని తీర్చదు. సమ్మరీ, మందులు, పైపుల జాగ్రత్తలు, నొప్పి తగ్గే మార్గం వీళ్లకే ఎక్కువ కావాలి. సలహాకు విరుద్ధంగా వెళ్తున్నారని సమ్మరీ నిరాకరించడం ఆపండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి పేరు, అక్కడ చూపించాల్సిన విభాగం రాసివ్వండి.

8. మూడో రోజు ఫోన్. ఇంటికి పంపిన 48 నుంచి 72 గంటల్లోపు వార్డు నుంచి ఒక నర్సు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగాలి: మందులన్నీ దొరికాయా, ఏవి ఎలా వేసుకుంటున్నారు, కొత్తగా ఏ ఇబ్బంది వచ్చింది, మళ్లీ చూపించుకునే తేదీ తెలుసా. ఆదిలాబాద్ నుంచి ఐదు నిమిషాల ఓపీ కోసం మూడు వందల కిలోమీటర్లు హైదరాబాద్ రావాల్సిన పనిలేని సందర్భాలు చాలా ఉన్నాయి. ముందు ఒకసారి నేరుగా చూసిన రోగికి అదే జబ్బు మీద ఆరు నెలల్లోపు ఫోన్‌లో ఫాలోఅప్ చేయడాన్ని 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అనుమతిస్తున్నాయి. పీహెచ్‌సీలో మేం బీపీ, బరువు, కుట్టు చూసి చెబుతాం, మీరు అక్కడి నుంచి మందు మార్చండి.

సమయం లేదంటారని తెలుసు. పని అంతా చివరి గంటలోకి నెట్టడం వల్లే సమయం చాలడం లేదు. చేరిన రోజే పాత మందుల సంచి తెప్పించి జాబితా రాయండి. ఇంట్లో ఎవరు చూసుకుంటారో, ఫ్రిజ్ ఉందో లేదో, ఏ ఊరికి వెళ్తారో అప్పుడే కేసు షీటులో రాయండి. డిశ్చార్జికి ముందు రోజే సమ్మరీ చిత్తుప్రతి సిద్ధం చేయండి. చివరి రోజుకు మిగిలేది సరిచూసి, వివరించి చెప్పడమే.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను, ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టులను మేం అడుగుతున్నవి మూడు. ఒక పేజీ తెలుగు డిశ్చార్జి పత్రం నమూనాను నిర్ణయించి అన్ని నెట్‌వర్క్ ఆసుపత్రులకు తప్పనిసరి చేయండి, అది జత చేయని క్లెయిమును పాస్ చేయొద్దు. డీజే స్టెంట్, ఐఎన్‌ఆర్ రిజిస్టర్లను తనిఖీ జాబితాలో చేర్చండి. ముప్పై రోజుల్లోపు మళ్లీ చేరిన ప్రతి రోగి విషయంలో కారణం రాసి, నెలకోసారి యూనిట్‌వారీగా చర్చించండి. ఎవరినీ శిక్షించడానికి కాదు, ఏ మందు, ఏ పైపు, ఏ మాట దగ్గర తప్పిందో తెలియడానికి.

నమూనా పత్రం, ఐఎన్‌ఆర్ కార్డు, స్టెంట్ రిజిస్టర్ పేజీ మేమే తయారుచేసి ఇస్తాం. ఏ ఆసుపత్రి అయినా ఒక్క వార్డులో మూడు నెలలు నడిపి చూస్తామంటే వచ్చి నర్సులకు నేర్పడానికీ సిద్ధంగా ఉన్నాం. నెల రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
మీరు ఇంటికి పంపిన రోగులను ఆ తర్వాత చూసుకునే పీహెచ్‌సీ వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు